ఆర్డర్ చేతికొచ్చింది, పాప రాలేదు

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు నాలుగేళ్ల ఎనిమిది నెలలు. మూడేళ్లు నిండిన కొత్తలో వాళ్ల నాన్న అనంతపురం వచ్చి, "జేజికి (నానమ్మకు) చూపించి రెండు రోజుల్లో తెస్తా" అని బళ్లారికి తీసుకుపోయాడు. మళ్లీ తేలేదు.

స్టేషన్‌కు పోతే, "తండ్రి దగ్గరే కదా ఉండేది, కిడ్నాప్ ఎట్లవుతుంది? కోర్టులో చూసుకోండి" అన్నారు. సరే, కోర్టుకే పోయాం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ జిల్లాలోనే కేసు వేయాలి. పాప బళ్లారిలో ఉంటోంది, అనంతపురం కోర్టుకు అధికారమే లేదని వాళ్ల లాయరు అడ్డం పెట్టాడు. చెప్పకుండా ఉంచేసుకున్న ఊరు సొంత ఊరు ఎట్లవుతుందని వాదించడానికే ఐదు నెలలు పట్టింది.

ఆ తర్వాత నెలకు రెండు శనివారాలు కోర్టు ఆవరణలో పాపను చూపించమన్నారు. నాలుగుసార్లు పాపకు జ్వరమన్నారు. ఐదోసారి తెచ్చారు. మా చెల్లెలు తెల్లవారుజామునే లేచి ఉగ్గాని చేసి డబ్బాలో పెట్టుకొచ్చింది, పాపకు అది ప్రాణం. పాప రెండు ముద్దలు తిని, వాళ్ల నాన్న వైపు తిరిగి "మనెగె హోగోణ" అంది. ఇంటికి పోదామని కన్నడంలో. వాళ్లమ్మ ఒడిలో కూర్చునే అడిగింది.

మొన్న పాపను తల్లికి అప్పగించాలని మధ్యంతర ఆర్డర్ వచ్చింది. స్వీట్లు పంచుకున్నాం. తీరా అక్కడి కోర్టు ద్వారా అమీనా, అంటే ఆర్డర్ అమలు చేసే కోర్టు ఉద్యోగి, పోయేసరికి ఇంటికి తాళం.

ఆలస్యమే ఈ కేసులను తేలుస్తోంది. బిడ్డ మేలే అన్నిటికంటే ముఖ్యమని 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెప్తుంది. అది న్యాయమే. కానీ ఏడాదిన్నర సాగదీసినవాళ్లు చివరికి వచ్చి, "పాప ఇక్కడికి అలవాటు పడింది, స్కూల్లో చేరింది, కదిలిస్తే బెంగ పెట్టుకుంటుంది" అంటారు. ఆ మాట అప్పటికి నిజమే అయి ఉంటుంది. ఆ నిజాన్ని తయారు చేసింది వాయిదాలే. అదే చట్టంలో ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఉంది. అవతలివాళ్లు ఆ ఐదేళ్ల కోసమే కాచుకుని ఉన్నారు.

ఇది ఆడవాళ్ల బాధే అనుకోవద్దు. అదే ఆవరణలో ఒకాయన ప్రతి శనివారం బొమ్మ పట్టుకుని వస్తాడు, సాయంత్రానికి ఆ బొమ్మతోనే పోతాడు. అక్కడ బిడ్డను తేనిది తల్లి. బిడ్డ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు ఆలస్యం లాభం, అంతే.

2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, బిడ్డను కలిసే హక్కు ఎట్లా, ఎప్పుడు, ఎక్కడ అనేది ఆర్డర్‌లో స్పష్టంగా రాయాలంది. కస్టడీ దక్కని తల్లి గానీ తండ్రి గానీ రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడగలగాలని కూడా చెప్పింది. మా ఆర్డర్‌లో "అప్పగించవలెను" అని ఉంది. ఏ తేదీన, ఎక్కడ, ఏ స్టేషన్ పోలీసులు తోడు రావాలి, తేకపోతే ఏమవుతుంది, ఒక్క ముక్క లేదు. వీడియో కాల్ మాట అసలే లేదు. మొదటి వాయిదా నుంచే రోజూ పది నిమిషాలు ఫోన్‌లో అమ్మ కనబడి ఉంటే పాప తెలుగు మరిచేదా?

ఇదే అవస్థలో కర్నూలు, కడపల్లో ఎవరైనా ఉంటే మీ లాయరును ఇవి అడగండి. 1890 చట్టంలో 12వ సెక్షన్ కింద మధ్యంతర పిటిషన్ కేసుతో పాటే వేశారా? 25వ సెక్షన్ కింద బిడ్డను రప్పించడానికి కోర్టుకు మేజిస్ట్రేటు అధికారం ఉంది, అది వాడమని అడిగారా? బిడ్డను పట్టి ఉంచడం చట్టవిరుద్ధమైతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే పట్టి ఉంచిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగే పిటిషన్, వేయొచ్చని 2019లో తేజస్విని గౌడ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మాకు ఆ మాట ఏడాది తర్వాత తెలిసింది. హైకోర్టు ఉన్న అమరావతికి రాత్రంతా బస్సు ప్రయాణం, ఖర్చు, టెన్షన్, అన్నీ ఉంటాయి. అయినా మొదటి నెలలోనే పోయి ఉండాల్సింది.

రేపు రాత్రి బస్సుకు టికెట్లు తీశాం. పాపకు ఐదేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది.