మహారాజశ్రీ నట్‌క్రాకర్ బ్యాలే గారికి ఒక విన్నపం

క్రిస్మస్ వేళ ఆడే పాశ్చాత్య నృత్యనాటకమైన మహారాజశ్రీ నట్‌క్రాకర్ బ్యాలే గారి సముఖమునకు, డిసెంబరు నెల రాగానే మీ పేరిట పర్సు తెరవక తప్పని ఒక ప్రవాస తెలుగు తండ్రి నమస్కారములతో వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమందరమూ క్షేమం. మీ క్షేమం వేరే అడగవలసిన పని లేదు. థాంక్స్‌గివింగ్ విందు గిన్నెలు కడగకముందే ఊరంతా మీ పోస్టర్లు వెలుస్తాయి. అప్పటినుంచి నూతన సంవత్సరం దాకా అమెరికాలో ఏ దుకాణంలో అడుగుపెట్టినా, ఏ కస్టమర్ కేర్ వారు ఫోనులో కాసేపు ఆగమన్నా, మీ సంగీతమే వినిపిస్తుంది. 130 ఏళ్ళు దాటిన వయసులో ఇంత ఆరోగ్యం అందరికీ దక్కేది కాదు.

నాకు మీ ఆరోగ్యం మీద కడుపుమంట లేదు. మీరు ఎవరి భుజాల మీద ఊరేగుతున్నారో ఆ సంగీతకర్త చైకోవ్‌స్కీ గారిని పోస్టరులో అడుగున, స్పాన్సర్ల గుర్తుల పక్కన, చిన్న అక్షరాలలో వేయిస్తున్నారన్నదే నా ఫిర్యాదు. కొన్ని పోస్టర్లలో ఆ చిన్న అక్షరాలు కూడా కనబడవు. మీ కథానాయకుడైన, పళ్ళతో గింజలు పగలగొట్టే చెక్క సైనికుడి బొమ్మ పళ్ళు మాత్రం బారెడు దూరం నుంచి కనబడతాయి.

మీ పుట్టుక ఒకసారి గుర్తు చేయనివ్వండి. 1890లో చైకోవ్‌స్కీ గారే సంగీతం కట్టిన ‘స్లీపింగ్ బ్యూటీ’ బ్యాలే బాగా ఆడిన ఉత్సాహంలో, రష్యా సామ్రాజ్య నాటకశాలల అధిపతి ఇవాన్ వ్సెవొలోజ్‌స్కీ ఒకే రాత్రి ఒక ఒపేరా (పాటలతోనే నడిచే నాటకం), ఒక బ్యాలే కలిపి ప్రదర్శించాలని ప్యోతర్ ఇల్యిచ్ చైకోవ్‌స్కీ గారికి పని పురమాయించారు. మీకు కథ కావాలి కనుక జర్మన్ రచయిత హాఫ్‌మన్ 1816లో రాసిన కథను, అదీ నేరుగా కాక, ఫ్రాన్సులో అలెగ్జాండర్ డ్యూమా తేలికపరచి తిరగరాసిన రూపంలో తీసుకున్నారు. చెక్కబొమ్మతో పోరాడే హాఫ్‌మన్ ఎలుకల రాజుకు ఏడు తలలుండేవి. ఆయన కథ చదివిన పిల్లవాడు రాత్రి దీపం ఆర్పడానికి జంకుతాడు. మీ దగ్గరకు వచ్చేసరికి ఆ భయమంతా వడపోతలో పోయి, ఒక పాప చెప్పు విసిరితే ముగిసిపోయే యుద్ధం మిగిలింది. పైగా నృత్య దర్శకుడు మారియస్ పెటిపా ఏ ఘట్టానికి ఎంత నిడివి, ఏ రకం సంగీతం కావాలో కొలతలు ముందే రాసి పంపారు. క్రిస్మస్ చెట్టు పెరిగే చోట 48 ఆవర్తాల అద్భుత సంగీతం కావాలి, అది అంతకంతకూ ఉధృతం కావాలి అన్నది అందులో ఒక కొలత. దర్జీకి ఇచ్చే కొలతలే ఇంతకంటే కాస్త వదులుగా ఉంటాయి.

ఆ కొలతలు చేతిలో పెట్టుకుని కూర్చున్న మనిషి పరిస్థితి ఏమిటో మీకు ఎవరైనా చెప్పారా? 1891 వసంతంలో ఆయన ఫ్రాన్సులో ఉన్నారు. న్యూయార్కులో కొత్తగా కట్టిన కార్నెగీ హాలు ప్రారంభోత్సవంలో తన రచనలకు స్వయంగా సారథ్యం వహించడానికి ఓడ ఎక్కవలసి ఉంది. మీ పని ముందుకు సాగక గడువు పెంచమని వ్సెవొలోజ్‌స్కీకి ఉత్తరం రాసుకున్నారు. ఆ రోజులలోనే, తన ప్రాణానికి ప్రాణమైన చెల్లెలు అలెగ్జాండ్రా చనిపోయిందన్న వార్తను పారిస్‌లో ఒక పత్రికలో చదివారు. ఆ మనిషి చేతుల మీదుగా మీరు బయటికి రావలసి వచ్చింది. మీ రెండో అంకంలో జంట నృత్యం మొదలైనప్పుడు, హార్ప్ తీగల మధ్య నుంచి చెల్లో వాద్యాలు ఒక స్వరమాలను పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా, ఒక్క స్వరం వదలకుండా, వరసగా దించుతాయి. మా సంగీతం పంతుళ్ళు మొదటి పాఠంలో చెప్పే అవరోహణ కన్నా అందులో ఎక్కువేమీ లేదు. అయినా యుద్ధం తరువాత ఆ పాప చేరుకునే మిఠాయి రాజ్యంలో, కిరీటాలూ జరీ దుస్తుల నడుమ, ఎవరో గుండె చిక్కబట్టుకుని మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. ఆ రాగంలో చెల్లెలి జ్ఞాపకం ఉందని కొందరు అంటారు. అది ఊహే, దానికి సాక్ష్యం అడగలేము. కానీ ఆ చోట పండగ సంబరం లేదని చెవులున్నవారెవరైనా సాక్ష్యం చెబుతారు. సరిగ్గా ఆ చోటే హాలులో చిప్స్ సంచీలు చించే శబ్దం ఎందుకు మొదలవుతుందో, దానికి మీరు బాధ్యత వహిస్తారో లేదో తెలియపరచ ప్రార్థన.

ఇక సెలెస్టా సంగతి. పారిస్‌లో ఆగుస్త్ ముస్తెల్ అనే ఆయన 1886లో కనిపెట్టిన వాద్యం అది. చూడడానికి చిన్న పియానో. లోపల మాత్రం తీగలకు బదులు ఉక్కు పలకలు, వాటిని తాకే సుత్తులు ఉంటాయి. చైకోవ్‌స్కీ గారు దాన్ని విని ముగ్ధులై, తన ప్రచురణకర్త యుర్గెన్సన్‌కు ఉత్తరం రాసి, ఒకటి తెప్పించమనీ, ఎవరికీ చూపవద్దనీ, ముఖ్యంగా తోటి సంగీతకర్తలు రిమ్‌స్కీ కోర్సకోవ్, గ్లజునోవ్‌ల చెవిన పడనీయవద్దనీ కోరారు. యాభై దాటిన మహావిద్వాంసుడు కొత్త బొమ్మను తోటి పిల్లల కంటపడకుండా దాచుకున్నారన్నమాట. పెటిపా ఫౌంటెన్ నీటి చుక్కలు రాలుతున్నట్టు ఉండాలని రాసి పంపితే, ఈయన మిఠాయి రాజ్యపు రాణి షుగర్ ప్లమ్ ఫెయిరీ నృత్యంలో పైన సెలెస్టాను చుక్కలు చుక్కలుగా రాల్చి, ప్రతి వరస చివరా కింద నుంచి బాస్ క్లారినెట్ చేత ఒక గరగరమనే జవాబు ఇప్పించారు. ఆ జవాబు లేకపోతే అది నిజంగా ఉత్త పంచదారే అయ్యేది. ఇప్పుడు దానిని వాణిజ్య ప్రకటనలలో వాడేవారు ముందుగా కత్తిరించేది ఆ బాస్ క్లారినెట్‌నే. కాపీరైటు లేని సంగీతం కదా, అడిగే నాథుడు లేడు.

1892 డిసెంబరు 18న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారియిన్‌స్కీ థియేటరులో మీ తొలి ప్రదర్శన జరిగింది. పెటిపాకు జబ్బు చేయడంతో నృత్యం కూర్చే బరువు ఆయన సహాయకుడు లెవ్ ఇవనోవ్ మీద పడింది. మరునాడు పత్రికలు మిమ్మల్ని దులిపేశాయి. మొదటి అంకమంతా వేదిక మీద పిల్లలేననీ, ప్రధాన నర్తకి అంతోనియెట్టా డెల్ ఎరా నాట్యం చేసేసరికి రాత్రి బాగా పొద్దుపోయిందనీ విమర్శకులు విసుక్కున్నారు. ఈ విషయంలో వారి పక్షమే నాది. విశ్రాంతి అయ్యాక కూడా హీరో తెర మీదకు రాకపోతే మా ఊరి థియేటరులో కుర్చీలు మిగలవు. రష్యావారు మర్యాదస్తులు కనుక కలంతో సరిపెట్టారు. చైకోవ్‌స్కీ గారికే మీరంటే పెద్ద నమ్మకం ఉండేది కాదు. ‘స్లీపింగ్ బ్యూటీ’తో పోల్చి చూస్తే మీరు ఎందుకూ కొరగారని, రాసే రోజులలోనే మేనల్లుడికి చెప్పుకున్నారు. ఏడాది తిరగకముందే, 1893 నవంబరు 6న, 53 ఏళ్ళకే ఆయన కన్ను మూశారు. మీ గొప్పదనం ఆయన చూడలేదు. చూసి ఉంటే నమ్మేవారూ కారు.

నిజానికి అప్పుడు జనం మెచ్చినది మిమ్మల్ని కాదు. మీకన్నా తొమ్మిది నెలల ముందే, మీలోంచి కొన్ని ఘట్టాలు తీసి ఆయన కట్టిన సూట్, అంటే నృత్యాలూ వేషాలూ లేకుండా వాద్యబృందం మాత్రమే వాయించే ఆ చిన్న కూర్పు, కచేరీలో విని జనం చప్పట్లు కొట్టారు. అది మీ ప్రమేయం లేకుండానే లోకం చుట్టివచ్చింది. 1940లో డిస్నీ వారు ‘ఫాంటాసియా’లో దాన్ని పుట్టగొడుగుల చేతా పువ్వుల చేతా ఆడించినప్పుడు, అందులోని వ్యాఖ్యాత ఈ బ్యాలేను ఇప్పుడెవరూ ఆడటం లేదని తాపీగా ప్రకటించాడు. మీ పేరున్న ఆ చెక్కబొమ్మ అందులో ఎక్కడా కనబడదు, ఎవరూ వెతకనూ లేదు. ఆ తరువాత మీ దశ తిరిగింది. 1944 క్రిస్మస్ ముందురోజున శాన్‌ఫ్రాన్సిస్కోలో నృత్య దర్శకుడు విల్లం క్రిస్టెన్సెన్ మిమ్మల్ని అమెరికాలో తొలిసారి పూర్తిగా ఆడించారు. 1954 ఫిబ్రవరిలో, చిన్ననాడు పీటర్స్‌బర్గ్‌లో మీలో వేషాలు వేసి పెరిగిన జార్జ్ బాలన్‌షీన్ న్యూయార్కులో మిమ్మల్ని నిలబెట్టారు. అక్కడ మీ క్రిస్మస్ చెట్టు 41 అడుగుల దాకా పెరుగుతుంది. ఖర్చు ఎక్కువైందని లెక్కలు చూసేవారు అడ్డుచెప్పినా ఆయన చెట్టు వదులుకోలేదు. సరైన మనిషే, ఆ 48 ఆవర్తాల సంగీతానికి తలవంచినవారు మీ బంధువర్గంలో ఆయన ఒక్కరేనేమో.

మీ అసలు తెలివి బాలల వేషాలలో ఉంది. 1892లో విమర్శకులు తప్పు పట్టిన ఆ పిల్లలే ఇప్పుడు మీ ఆస్తి. ఎలుకలు, సైనికులు, దేవదూతలు, విందుకు వచ్చిన అతిథుల పిల్లలు: ఒక్కో పట్టణంలో పదుల కొద్దీ పిల్లలకు మీరు వేషాలిస్తారు, రెండు జట్లుగా విడదీసి రోజు విడిచి రోజు ఆడిస్తారు, ప్రతి వేషం వెనకా తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మలు టిక్కెట్లు కొంటారు. శనివారం పొద్దున కూచిపూడి, సాయంత్రం బ్యాలే నేర్చుకునే తెలుగు పిల్లలు మీ ఎలుకల దండులో ఈమధ్య గణనీయంగా చేరుతున్నారు. ఎలుక వేషంలో తల మొత్తం బూడిదరంగు తొడుగుతో మూసేస్తారు, రెండు కన్నాలు తప్ప మరేమీ ఉండదు. ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అత్తగారు ఒళ్ళో కండువా సర్దుకుంటూ, “ఇందులో మన పిల్ల ఎవరమ్మా?” అని మా ఆవిడను అడిగారు. ఎడమవైపు నుంచి మూడో ఎలుక అని మా ఆవిడ చెప్పింది. ఆవిడ చెయ్యెత్తి ఆశీర్వదించారు. అది వేరేవాళ్ళ పిల్ల అని ప్రదర్శన అయ్యాక తేలింది, అయినా ఆశీర్వాదం వృథా పోదు లెండి. ఆ నృత్యశాలవారు వీడియోకు వేరే రుసుము పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. అందులోనూ కనబడేది ఆ తొడుగే.

రెండో అంకంలోని మిఠాయి రాజ్యం గురించి కొంచెం మనసు విప్పాలి. చాక్లెట్ అంటే స్పెయిను, కాఫీ అంటే అరేబియా, టీ అంటే చైనా అని మీరు దేశాలను పళ్ళెంలో సర్ది తెస్తారు. అరేబియా కాఫీకి మీరు వాడుకున్న బాణీ జార్జియా దేశపు జోలపాట. నిద్రపుచ్చడానికి పుట్టిన పాటకు పొట్ట ఊపే నాట్యం కట్టించడం మీకే చెల్లింది. చైనా టీ వంతు వచ్చినప్పుడు నర్తకులు చూపుడువేళ్ళు పైకెత్తి తలలాడిస్తూ గెంతడం ఎన్నో దశాబ్దాలు సాగి, 2017లో న్యూయార్కులో మార్పులు చేశాక గానీ మిగతావారిలో చాలామందికి సిగ్గు పుట్టలేదు. బాసూన్ కింద గుడుగుడుమంటుంటే పైన ఫ్లూటు గిరికీలు కొట్టే ఆ చిన్న ముక్కలో వెక్కిరింత లేదు, వెక్కిరింత అంతా వేళ్ళలోనే ఉండేది. భారతదేశపు మిఠాయి ఏదీ మీ పళ్ళెంలో లేకపోవడం మొదట నాకు కినుక కలిగించింది గానీ, ఇదే పెటిపా 1877లో ‘లా బయదేర్’ పేరుతో మన దేవాలయ నర్తకీమణులను ఎలా చూపించారో తెలిశాక, ఆత్రేయపురం పూతరేకులు మీ కంటపడనందుకు కోనసీమ ప్రజల తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

మీరు ఎంత మందికి అన్నం పెడుతున్నారో నాకు తెలియక కాదు. 2020 డిసెంబరులో థియేటర్లు మూతపడినప్పుడు బ్యాలే సంస్థలు ఎందుకు అంతగా బెంబేలెత్తాయో అందరూ చూశారు: మీరు తెచ్చే నాలుగు వారాల రాబడి మీదే మిగతా ఏడాది కొత్త నాట్యాల ఖర్చు వెళుతుంది. ఆ దెబ్బకు మీరు ఎంత గట్టివారో కూడా తెలిసింది. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక లండన్‌లో మాస్కోవారి బోల్షోయ్ బ్యాలే వేసవి ప్రదర్శనలు రద్దయ్యాయి. కార్డిఫ్‌లో ఒక వాద్యబృందం రష్యా యుద్ధవిజయాన్ని కీర్తించే చైకోవ్‌స్కీ గారి ‘1812’ను కార్యక్రమం నుంచి తీసేసింది. ఆ డిసెంబరులో ఉక్రెయిన్ సాంస్కృతిక మంత్రి, యుద్ధం ముగిసేదాకా రష్యన్ రచనలను పక్కన పెట్టమని మిత్రదేశాలను వేడుకున్నారు. బాంబుల కింద ఉన్నవారితో వాదించే అర్హత నాకు లేదు. ఏ చెల్లెలి మరణవార్త ఆయనను కుంగదీసిందో ఆ చెల్లెలి ఇల్లు ఉక్రెయిన్‌లోని కమ్యాంకలోనే ఉండేదని మాత్రం ఇక్కడ చెప్పవలసి ఉంది. వాద్యబృందాలు ఒక సాయంత్రపు కచేరీ మార్చుకోగలిగాయి గానీ, పాశ్చాత్య దేశాలలో మీ టిక్కెట్ల కిటికీ మూయడం ఎవరి తరమూ కాలేదు. సూత్రాలకు జనవరి నుంచి నవంబరు దాకా చోటుంది, డిసెంబరు మాత్రం మీది.

అందువల్ల మిమ్మల్ని మానుకోమని అడిగేంత అమాయకుణ్ణి కాను. ఒకే ఒక్క కోరిక. మీరు పుట్టిన రాత్రి మీతోపాటు మీ తోబుట్టువు ‘యోలాంతా’ అనే ఒపేరా కూడా పుట్టింది. ఆమె కథలో రాజుగారి కూతురు పుట్టుగుడ్డి, తాను గుడ్డిదాన్నన్న సంగతి ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పకూడదని తండ్రి ఆజ్ఞ. దారితప్పి ఆ తోటలోకి వచ్చిన యువకుడు ఒక ఎర్ర గులాబీ అడిగితే ఆమె తెల్ల గులాబీ కోసి ఇస్తుంది. అతను మళ్ళీ అడుగుతాడు, ఆమె మళ్ళీ తెల్లదే ఇస్తుంది. మీ మిఠాయి రాజ్యమంతా కలిపినా అంత కథ లేదు. 2016లో పారిస్ ఒపేరా వారు మీ ఇద్దరినీ మళ్ళీ ఒకే రాత్రి వేదిక ఎక్కించారు కనుక ఇది జరగని పని కాదు. ఆమెను వెంట తీసుకురండి. సుమారు గంటన్నరే పడుతుంది. అయితే వరస మాత్రం 1892లో ఉన్నట్టే ఉంచండి, ముందు ఆమె, తరువాత మీరు. మీరు ముందు వచ్చారంటే ఎలుకల తల్లిదండ్రులందరం పిల్లలను కారులో ఎక్కించుకుని మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోతాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఎడమవైపు నుంచి అయిదో ఎలుక తండ్రి