శేషాచలం అగ్నిపర్వతం కాదు, శిలాతోరణం లావా కాదు

"తిరుమల ఏడు కొండలు చల్లారిపోయిన అగ్నిపర్వతం. శిలాతోరణం గడ్డకట్టిన లావా. తలకోన పాత అగ్నిబిలం. స్కూటరేసుకుంటే ఒక్కరోజులో అన్నీ చూసేయొచ్చు." తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

తిరుమల కొండమీద రాతి వంపుగా ఉన్న శిలాతోరణం క్వార్ట్‌జైట్. అంటే ఒకప్పటి ఇసుక. నీటి అడుగున పొరమీద పొరగా పేరుకుని, బిగిసి రాయైంది. కంచె ఇవతల నిలబడినా అప్పడాలు దొంతర పెట్టినట్టు ఆ పొరలు కనిపిస్తాయి. మెత్తటి భాగాలను వానా గాలీ తినేస్తే గట్టిది వంపుగా మిగిలింది. వెడల్పు దాదాపు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. లావా రాయి ఇలా ఉండదు: నల్లగా, చాలాచోట్ల ఆవిరి బుడగల గుంటలతో ఉంటుంది. రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల్లో దొరికే నల్లరాయి అదే.

"రాయి ఎర్రగా కాలినట్టుంది కదా" అంటారు. అది కాలడం కాదు, రాతిలోని ఇనుము పట్టిన తుప్పు.

అసలు సాక్ష్యం ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. కింద గ్రానైట్, దాని నెత్తిన నగరి క్వార్ట్‌జైట్ అని పిలిచే రాతిపొర. రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఖాళీ! గ్రానైట్ అన్నేళ్లు అరిగి అరిగి చదునయ్యాక దానిమీద ఇసుక చేరింది. ఈ హద్దును భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. దయచేసి గుర్తుగా ముక్క పగలగొట్టుకోవద్దు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. గ్రానైట్ కూడా ఒకప్పుడు కరిగిన రాయే. కానీ అది భూమి లోపలే నిదానంగా చల్లారింది, అందుకే పలుకులు కంటికి కనిపిస్తాయి. చిత్తూరు జిల్లాలో నిజంగా పైకి పొంగిన లావా చూడాలంటే కుప్పం వైపు, కోలారు బంగారు గనుల రాతిపట్టీ జిల్లాలోకి చొచ్చుకొచ్చిన చోటికి వెళ్లాలి. అదీ దాదాపు 270 కోట్ల ఏళ్ల నాటిది, రూపం మారిపోయింది.

తలకోన బిలం కాదు. క్వార్ట్‌జైట్ అంచు మీదనుంచి నీళ్లు దూకుతున్నాయి, అంతే.

ఇక "స్కూటరేసుకుంటే చాలు" అనే సలహా. ఇది ప్రమాదకరం. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని ఇంజన్ ఆపేస్తే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. గేర్లు లేని స్కూటర్లో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి వేగం తగ్గితే క్లచ్ విడిపోయి, ఇంజన్ పట్టు కూడా పోతుంది. బ్రేకు నొక్కిపట్టి దిగితే బ్రేకు షూలు వేడెక్కి పట్టు తప్పుతాయి. మొదటి నుంచీ నెమ్మదిగా రండి, రెండు బ్రేకులూ నొక్కుతూ వదులుతూ ఉండండి. కాలిన వాసన వస్తే వెడల్పున్నచోట పక్కకు ఆపి, పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. వేడి బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు.

ఘాట్ మీద బైకులను అనుమతించే వేళలు మారుతుంటాయి. అలిపిరిలో అడిగి బయల్దేరండి. బస్సులో వెళ్తే ఆ హద్దు దగ్గర దింపరు, కిటికీలోంచి చూడాల్సిందే. తలకోనకు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. ఎక్కగానే కండక్టర్‌ని తిరుగు బస్సు టైము అడగండి.