మహారాజశ్రీ సిమెంటు పూత గారికి

మహారాజశ్రీ సిమెంటు పూత గారి సముఖానికి, కోనసీమలో ఒక పాత మండువా లోగిలి వారసుడు రాసుకున్న విన్నపం. మేమంతా క్షేమం. గోడల క్షేమ సమాచారం తమకు తెలియనిది కాదు.

తమరు మా ఇంటికి వేంచేసింది 1986 ఆగస్టు వరద తర్వాత. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కిన ఏడాది. నీళ్లు తీశాక, గోడలు ఆరకముందే, గుల్ల సున్నం పూత పాతకాలం సరుకని చెక్కించేసి మా పెదనాన్నగారు తమరిని ఆహ్వానించారు. ఇక తడి లోపలికి రాదని మేస్త్రీ హామీ ఇచ్చాడు. లోపలున్న తడి ఎటు పోవాలో ఆయన్ను ఎవరూ అడగలేదు.

మాది ఇటుకా సున్నం గోడ. పునాది మీద తడిని ఆపే అడ్డుపొర లేదు. ఊరి చుట్టూ కాలువలు, గునపం దించితే ఊట. ఆ తడి గోడలోకి ఎక్కేది, సున్నంలోంచి గాలికి ఆరిపోయేది. తరాలపాటు ఈ రాకపోకలు ఎవరి కంటా పడలేదు. తమరు రాగానే ఆ దారి మూసుకుపోయింది. దారి లేని నీరు పైకే పాకుతుంది కదా! మోకాలి కింద ఉండే నెమ్ము ఇప్పుడు తాతగారి ఫొటో దాకా ఎక్కింది. ఆయన మీసం సగం బూజు పట్టింది. బతికుండగా ఆ మీసం జోలికి వెళ్లే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

మొన్న స్విచ్‌బోర్డు పక్కన వేలితో తడితే డొల్లగా మోగింది. గోరు పెట్టి లాగితే అరచేతి మందాన పెచ్చు ఊడివచ్చింది. దాని వెనక దూదిపింజల్లా ఉప్పు. నేలలోంచి నీటితో పాటు ఎక్కి, నీరు ఆరిన చోట గడ్డకట్టి, ఉబ్బి, చివరకు తమరినే నెట్టేసింది.

తమరి పరివారం కూడా సామాన్యమైనది కాదు. ఒకాయన పుట్టీ పెట్టాడు. ఇంకొకాయన నీరు సోకని రంగు వేసి గ్యారంటీ కాగితం ఇచ్చాడు. దీపావళి నాటికి రంగు బుడగలెత్తింది. గ్యారంటీ రంగుకే గాని గోడకు కాదని ఫోనులో సెలవిచ్చారు. మూడో ఆయన టైల్స్ అతికించి మొత్తం కనబడకుండా చేస్తానన్నాడు. ఆయన నిజాయతీ నాకు నచ్చింది.

తమ అన్నగారు సిమెంటు రోడ్డు గారి సంగతి చెప్పకపోతే పాపం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు కనుక, ఆయన ఎన్నికకు ఇంత చొప్పున ఎదుగుతున్నారు. ఒకప్పుడు మెట్లెక్కి చేరే అరుగు మీదికి ఇప్పుడు దిగి వెళ్లాలి. వాన నీరు మాకంటే ముందే దిగుతుంది.

కనుక మనవి ఏమనగా, వచ్చే వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసి ఊట తగ్గాక, నెమ్ము ఎక్కినంత మేరా తమరిని చెక్కించదలిచాం. ఉప్పు దులిపి, ఇటుక ఆరేదాకా ఆగి, మళ్లీ సున్నమే పూయిస్తాం. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీ దొరికాడు. ఆరే విషయంలో తొందరపెడితే తాపీ కింద పెట్టి వెళ్లిపోతానని ముందే షరతు పెట్టాడు. తమ అన్నగారి ఎత్తు గురించి కూడా అర్జీ ఇచ్చాం. ఆయనకు ఇంకో పొర మంజూరైందని, శంకుస్థాపనకు మేమూ రావాలని ఆహ్వానం వచ్చింది.

చిత్తగించవలెను.