చేయెత్తి పలికిన మాట ఎవరి కోసం

నేను అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చున్నారు. అధికారి అందరినీ లేవమన్నప్పుడు ఆవిడ చేతిలోని చిన్న జెండాను సంచిలో భద్రంగా పెట్టుకొని, కుడి చేయి ఎత్తి, ఎడమ చేతిలోని కాగితం మీద అచ్చయిన మాటలను ఒక్కొక్కటిగా, ఎక్కడా తడబడకుండా పలికారు. ఇతర రాజ్యాల పట్ల విధేయతను వదులుకుంటున్నామని, స్వదేశీ విదేశీ శత్రువులందరి నుంచి ఈ దేశ రాజ్యాంగాన్నీ చట్టాలనూ కాపాడతామని మేమంతా ఆ రోజు ఒప్పుకున్నాం. ఆ రెండో మాట సెనేటర్లూ సైనికులూ పదవిలో చేరేటప్పుడు పలికే మాటేనని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. పదవి ఎక్కేవారూ, ఆ పదవి కింద బతకబోయేవారూ ఒకే మాటకు కట్టుబడే దేశం ఇది. స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జూలై 4తో 250 ఏళ్లు నిండుతున్న సందర్భంలో, ఆ మాట ఎవరి కోసం పలుకుతున్నామో ఇక్కడి మన తెలుగు సంఘాలు కాస్త నిదానంగా ఆలోచించాలని నా కోరిక.

స్వాతంత్ర్యానికి ముందు ఈ నేల మీద కొలువు చేసినవారు బ్రిటిష్ రాజుకు విధేయులమని ప్రమాణం చేసేవారు. 1789 నాటికి ఆ పద్ధతి మారిపోయింది. ఆ ఏడాది కొత్త కాంగ్రెస్ పన్నులకన్నా, సైన్యంకన్నా ముందు, తన మొట్టమొదటి చట్టంగా ప్రమాణాల చట్టాన్నే చేసింది. జూన్ 1న జార్జ్ వాషింగ్టన్ దాని మీద సంతకం పెట్టారు. అందులోని ప్రమాణంలో రాజ్యాంగాన్ని సమర్థిస్తానన్న మాట తప్ప మరొకటి లేదు. అంతకు నెల ముందు, ఏప్రిల్ 30న, న్యూయార్క్‌లోని ఫెడరల్ హాల్ వసారాలో నిలబడి వాషింగ్టన్ స్వయంగా చేసిన అధ్యక్ష ప్రమాణం రాజ్యాంగంలోనే రాసి ఉంది. ఇంగ్లీషులో అది 35 మాటలు. అందులో ఏ వ్యక్తి పేరూ లేదు, ఏ వంశం పేరూ లేదు, ఏ పార్టీ పేరూ లేదు.

అయితే కాగితానికి కట్టుబడటం అంటే ఏమిటి? కాగితం మీద తప్పు రాసి ఉంటే ఆ తప్పుకూ కట్టుబడాలా? నిజంగా చిక్కైన ప్రశ్న ఇదే. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మనుషులంతా సమానంగా సృష్టించబడ్డారని, ప్రాణం, స్వేచ్ఛ, సుఖాన్వేషణ అన్న హక్కులు వారికి పుట్టుకతోనే ఉన్నాయని, ఆ హక్కులను కాపాడేందుకే ప్రభుత్వాలు ఏర్పడ్డాయని చెప్పింది. ముందు మనిషి, తర్వాత హక్కు, ఆ తర్వాతే సర్కారు. ఎవరూ లాక్కోలేని, మనమే ఇచ్చేద్దామన్నా ఇవ్వలేని ఆ హక్కులను సహజ హక్కులు అంటున్నాం. ఆ ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నారు. 1787లో రాసిన రాజ్యాంగం ఆ బానిసత్వాన్ని సహించింది. ప్రతినిధుల లెక్క కోసం బానిసను అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టింది. రెండు కాగితాల మధ్య అంత దూరం ఉంది.

ఈ దేశపు న్యాయమూర్తులు 1789 నుంచి చేస్తున్న ప్రమాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఒకటుంది: మనిషి హోదా చూడకుండా న్యాయం చేస్తానని, పేదకూ ధనికుడికీ సమానమైన హక్కు అందిస్తానని. ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ ఆ ప్రమాణం చేసినవారే. 1857లో, స్వేచ్ఛ కోరి కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో, నల్లవారు ఈ దేశ పౌరులు కాలేరని, స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలు వారిని ఉద్దేశించినవి కావని తీర్పు రాసిందీ ఆయనే. నాలుగేళ్ల తర్వాత, 1861 మార్చి 4న, అబ్రహాం లింకన్ చేత అధ్యక్ష ప్రమాణం చేయించిందీ ఆయనే. లింకన్ అంతకు కొద్ది రోజుల ముందే, ఫిబ్రవరి 22న, ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాల్‌లో నిలబడి, స్వాతంత్ర్య ప్రకటన నుంచి పుట్టని రాజకీయ భావన ఒక్కటీ తనలో లేదని చెప్పి వచ్చారు. ఒకే రాజ్యాంగానికి ఇద్దరూ మాట ఇచ్చారు. ఒకరు ఆ కాగితాన్ని దాని పుట్టుకకు కారణమైన ఆదర్శం నుంచి విడదీసి చదివారు, మరొకరు ఆ ఆదర్శపు వెలుగులో చదివారు. ప్రమాణం విలువంతా ఈ తేడాలోనే ఉందని నా నమ్మకం. అంతర్యుద్ధం ముగిశాక 1868లో వచ్చిన 14వ సవరణ ఆ రెండు కాగితాలను దగ్గరకు చేర్చింది. చట్టం ముందు సమాన రక్షణ ఇవ్వడానికి అది పౌరుడు అన్న మాట వాడలేదు, వ్యక్తి అన్నది.

ఆ ఒక్క మాట మీద ఎన్ని బతుకులు నిలబడ్డాయో చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే చోట 22 ఏళ్లుగా లాండ్రీ నడుపుకుంటున్న ఒక చైనీయుడు, చెక్క భవనంలో లాండ్రీ నడపడానికి నగర పాలకులు అనుమతి ఇవ్వనందుకు జైలు పాలయ్యాడు. దరఖాస్తు పెట్టుకున్న చైనీయులు సుమారు 200 మంది. ఒక్కరికీ అనుమతి రాలేదు. ఇతరులు సుమారు 80 మంది పెట్టుకుంటే దాదాపు అందరికీ వచ్చింది. అతను ఈ దేశ పౌరుడు కాడు, అప్పటి చట్టం ప్రకారం కాలేడు కూడా. అయినా 1886లో యిక్ వో కేసులో సుప్రీంకోర్టు, 14వ సవరణ రక్షణ పౌరులకే పరిమితం కాదని చెప్పి అతని పక్షాన తీర్పిచ్చింది. హెచ్-1బి మీద ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మన తెలుగు కుటుంబాలు ఆ లాండ్రీ మనిషికి ఎంత రుణపడి ఉన్నాయో మన సభల్లో చెప్పుకోగా నేను వినలేదు.

ఆ వెలుగు ఆరిపోయిన రోజులూ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు, భారతీయుడు చట్టం చెప్పిన తెల్లవాడు కాడంటూ, పౌరసత్వం చెల్లదని 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తీర్పు రాసిన జార్జ్ సదర్లాండ్ ఇంగ్లాండులో పుట్టి ఇక్కడికి వచ్చిన వలసదారుడే. ఆ తీర్పు తర్వాత పౌరసత్వం పోగొట్టుకున్నవారిలో వైష్ణోదాస్ బగాయ్ ఒకరు. 1915లో భార్యాపిల్లలతో వచ్చి, 1921లో బ్రిటిష్ విధేయతను వదులుకొని ప్రమాణం చేసిన మనిషి ఆయన. తీర్పు వచ్చాక దుకాణం అమ్ముకోవలసి వచ్చింది. స్వదేశం చూసి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వక, తాను వదులుకున్న బ్రిటిష్ పాస్‌పోర్టే తీసుకోమన్నారు. 1928లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. బంగారు పంజరంలో బతకడం బతుకేనా అని ఆయన తన చివరి ఉత్తరంలో అడిగారు. ఆయన తన మాట తప్పలేదు. పేదకూ ధనికుడికీ సమాన హక్కు అందిస్తామని చేయెత్తినవారు తమ మాట తప్పారు. భారతీయులకు పౌరసత్వ అర్హత తిరిగి దక్కింది 1946లో. అప్పుడు కూడా వలసకు అనుమతి ఏడాదికి 100 మందికే.

మనవారు పదవి చేపట్టినప్పుడు ఏ గ్రంథం మీద చేయి పెట్టారన్నదే మన వాట్సాప్ బృందాల్లో ముందుగా తిరుగుతుంది. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరి 18న మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా భగవద్గీత మీద ప్రమాణం చేసినప్పుడు నాకూ గుండె ఉప్పొంగింది. కానీ అదే మేరీల్యాండ్‌లో, దేవుడిని నమ్ముతున్నానని ప్రకటించనన్నందుకు రాయ్ టోర్కాసో అనే ఆయనకు నోటరీ పదవి నిరాకరించారు. ఆయన పట్టువదలక పోరాడగా 1961లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. పదవికి మతపరీక్ష ఉండరాదని రాజ్యాంగం ఆరో అధికరణం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. 1825లో జాన్ క్విన్సీ ఆడమ్స్ చట్టాల పుస్తకం మీద చేయి పెట్టి అధ్యక్షుడయ్యారు. అందుచేత గీత మీద చేయి పెట్టే మన స్వేచ్ఛ, ఏ గ్రంథమూ అక్కరలేదన్నవాడి స్వేచ్ఛతో ముడిపడి ఉంది. రెండోదాన్ని మనం చిన్నచూపు చూస్తే మొదటిదీ మనకు దక్కదు.

ఈ మాటలు మనకు కొత్తవి కావు. భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా అన్న వాక్యం రేడియోలోనో టీవీలోనో విననిదే మనలో ఎవరూ పెరగలేదు. ఆ మాటలను మనసులో పెట్టుకున్న భారత సుప్రీంకోర్టు న్యాయమూర్తి హెచ్.ఆర్.ఖన్నా. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు లేదని నలుగురు సహ న్యాయమూర్తులు తేల్చితే, ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం పెట్టిన భిక్ష కావని ఆయన ఒక్కరే రాశారు. తర్వాతి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి ఆయనకన్నా జూనియర్‌కు వెళ్లింది, ఆయన రాజీనామా చేశారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఆయన రాసిందే సరైనదని ఒప్పుకుంది.

మన సంఘాలకు నాదొక సూచన. ఎన్నికైన ప్రతినిధులను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసుకొని పంపుతున్నాం. శాలువా కప్పే ముందు వారు తమ పదవీ ప్రమాణాన్ని మన ముందు ఒకసారి చదివేలా చూద్దాం; తెలుగు బడికి వచ్చే పిల్లల్లో ఒకరు దాన్ని తెలుగులో చదువుతారు. రెండు నిమిషాలకు మించి పట్టదు. ఆ హాల్లో ముందు వరసలో విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలుంటారు, వెనక విద్యార్థులుంటారు, గ్రీన్ కార్డు రానివారుంటారు. వారిలో ఎవరికీ ఇక్కడ ఓటు లేదు. ఆ ప్రతినిధి వారి ముఖాలు చూస్తూ ఆ మాటలు చదవాలి.