వెండి రంగు ఎక్కువైతే ప్రొజెక్టర్ బొమ్మ పాడవుతుంది
గోడనే ప్రొజెక్టర్ తెరగా చేసుకోవడానికి తెల్ల రంగులో వెండి రంగు కలపమని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. అది ఎక్కువైతే బొమ్మ మధ్యలో మాత్రం మెరుస్తుంది, పక్కన కూర్చున్నవాళ్లకు మసకగా కనిపిస్తుంది. కూకట్‌పల్లిలో మా హాల్లో నాకు ఇదే జరిగింది. ఎమెరీ పేపర్ పట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మెరుపులేని తెల్ల ఎమల్షన్‌లో (నీటితో కలిపే గోడ రంగు) నల్ల స్టెయినర్ (రంగు మార్చడానికి కలిపే చిక్కటి ద్రవం) చుక్కచుక్కగా కలిపాను. నలుపు ఒక్కటే అయితే బూడిద రంగు నీలం వైపు పోతుంది కాబట్టి పసుపు స్టెయినర్ కూడా ఒకటి రెండు చుక్కలు వేశాను. తడి రంగు చూసి నిర్ణయించకండి, అట్టముక్క మీద పూసి పూర్తిగా ఆరాక చూడండి. మా హాల్లో వెలుతురు ఎక్కువ, ఈ లేత బూడిద మీద బొమ్మలోని నలుపు చక్కగా కనబడుతోంది. పూర్తిగా చీకటి చేయగల గదికి తెలుపే చాలు. గోడకు పుట్టీ మాత్రం నున్నగా పెట్టించండి.