1915లో సిడ్నీ రగ్బీ లీగ్ ఆగలేదు, అది తప్పు కాదు

2025 మేలో ధర్మశాలలో ఐపీఎల్ మ్యాచ్‌ని మధ్యలో ఆపి జనాన్ని బయటికి పంపారు, మర్నాడు టోర్నీనే వారం పాటు నిలిపేశారు. సరిహద్దుకు అంత దగ్గర్లో, భారత్-పాక్ ఘర్షణ నడుస్తున్న ఆ పరిస్థితుల్లో ఆపడమే సరైన పని. దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. నాకు కోపం తెప్పించింది వేరే. "అక్కడ జవాన్లు ప్రాణాలిస్తుంటే మీకు ఆటలు కావాల్సొచ్చాయా" అంటూ మామూలు ప్రేక్షకుల మీద పడ్డ పోస్టులు. ఆ మాట అనేవాళ్ళకు చెప్పాలనిపించిన కథ సిడ్నీది, 1915 నాటిది.

అక్కడ రెండు రకాల రగ్బీ ఉండేది. ఒకటి యూనియన్, డబ్బు తీసుకోకుండా ఆడాలన్న నియమం ఉన్న ఆట. రెండోది లీగ్, ఆటగాళ్ళకు డబ్బిచ్చే ఆట. అది పుట్టిందే కడుపు కాలి. 1907లో అలెక్ బర్డన్ అనే ఆటగాడు, వృత్తిరీత్యా మంగలి, యూనియన్ తరఫున ఆడుతూ గాయపడి పనికి పోలేకపోతే అతనికి పరిహారం ఇవ్వలేదు. ఆ మంటే కొత్త సంస్థకు దారి తీసింది. క్రికెట్ అభిమానులకు ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ విక్టర్ ట్రంపర్ పేరు తెలిసే ఉంటుంది. ఆ సంస్థ పెట్టడం కోసం మీటింగులు జరిగింది ఆయన స్పోర్ట్స్ దుకాణంలో, లీగ్‌కి తొలి కోశాధికారి కూడా ఆయనే. 1908లో పోటీలు మొదలయ్యాయి. బాల్‌మెయిన్, రెడ్‌ఫెర్న్, గ్లీబ్, న్యూటౌన్ లాంటి పేటల జనం దాన్ని సొంతం చేసుకున్నారు. ఓడల రేవుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో, సబ్బు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పేటలవి.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో సిడ్నీలో యూనియన్ వాళ్ళు క్లబ్ పోటీలు ఆపేశారు. వాళ్ళ ఆటగాళ్ళు పెద్ద సంఖ్యలో సైన్యంలో చేరారు, ఎందరో తిరిగి రాలేదు. వాళ్ళ త్యాగాన్ని నేను రవ్వంత కూడా తగ్గించను. లీగ్ మాత్రం ఆడింది. దాంతో దేశభక్తి లేదన్నారు, సిగ్గులేదన్నారు. ఫుట్‌బాల్ చూసే యువకుల్ని ఎత్తిపొడుస్తూ, సైన్యంలో చేరమంటూ ఆస్ట్రేలియాలో పోస్టర్లు కూడా వెలిశాయి.

సరే, లీగ్‌కి దేశభక్తి లేదనుకుందాం. మరి ఎడ్వర్డ్ లార్కిన్ సంగతేంటి? టెడ్ లార్కిన్ అంటారు. ఒకప్పుడు పోలీసు, యూనియన్‌లో దేశం తరఫున ఆడినవాడు. 1909లో లీగ్‌కి మొట్టమొదటి పూర్తికాల కార్యదర్శి అయ్యాడు. ఇవాళ సిడ్నీలో ఈ ఆట ఇంత పెద్దదిగా నిలబడిందంటే అందులో ఆయన చేతి కష్టం చాలా ఉంది. 1913లో లేబర్ పార్టీ తరఫున న్యూ సౌత్ వేల్స్ అసెంబ్లీకి ఎన్నికయ్యాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఎమ్మెల్యే పదవి, అన్నీ ఉన్నాయి. యుద్ధం మొదలైన కొద్ది వారాల్లోనే మామూలు సైనికుడిగా చేరిపోయాడు. 1915 ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలి ఒడ్డున దిగిన మొదటి రోజే చనిపోయాడు. అదే రోజు, అదే పోరులో ఆయన సోదరుడు మార్టిన్ కూడా. అసెంబ్లీ హాల్లో ఆయన పేరున ఇప్పటికీ ఒక ఫలకం ఉంది.

అంటే 1915 సీజన్ ఆడింది, తమ సంస్థను నిలబెట్టిన మనిషిని యుద్ధంలో పోగొట్టుకున్న లీగ్. వీళ్ళకా దేశభక్తి పాఠాలు చెప్పేది?

ఆ సీజన్‌లో బాల్‌మెయిన్ 14 మ్యాచ్‌లు ఆడింది. 12 గెలిచింది, 2 డ్రా. ఒక్కటి కూడా ఓడలేదు. ఆ పేటకు అదే మొదటి టైటిల్. 1916, 1917లో కూడా వాళ్ళే గెలిచారు. 1915 సీజన్ మధ్యలోనే, జూన్ 28న, ట్రంపర్ కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. 37 ఏళ్ళే. లీగ్‌కి పునాది వేసినవాళ్ళలో ఇద్దరు ఒకే ఏడాది, రెండు నెలల తేడాలో పోయారు.

పేటల జనం కోణంలోంచి చూడండి. ఆస్ట్రేలియా సైన్యంలోకి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి కార్మిక ఇళ్ళవాళ్ళే. ధరలు పెరిగాయి, జీతాలు వాటిని అందుకోలేదు. వారమంతా ఒళ్ళు హూనం చేసుకుని, కొడుకు ఉత్తరం కోసం టెన్షన్ పడుతూ బతికే మనిషికి శనివారం మధ్యాహ్నం ఒక ఆట ఉంది. దాన్ని కూడా తీసేయమంటారా? తీసేస్తే యుద్ధం ఒక్క రోజు ముందుగా ముగిసేదా? మరి గుర్రప్పందేల్ని ఎందుకు వదిలేశారు? మెల్‌బోర్న్ కప్ రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒక్క ఏడాది కూడా ఆగలేదు. త్యాగం చేయమన్న మాట ఎప్పుడూ కింద ఉన్నవాడి వైపే ఎందుకు దొర్లుతుందో నాకు అర్థం కాదు.

లీగ్‌కి లాభం రాలేదా అంటే వచ్చింది, ఒప్పుకోవాలి. యూనియన్ లేని మైదానాల్లోకి లీగ్ వెళ్ళింది, ప్రేక్షకులు అటు తిరిగారు, యుద్ధం తర్వాత కూడా సిడ్నీలో యూనియన్ ఆ స్థానాన్ని తిరిగి తెచ్చుకోలేకపోయింది. ఆడాలన్న నిర్ణయంలో గేటు డబ్బు లెక్క కూడా ఉండే ఉంటుంది. ఉంటే ఏం? జీతం మీద బతికేవాడు జీతం గురించి ఆలోచించడం నేరం కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ప్రమాదం ఏకంగా ఇంటి ముందుకే వచ్చింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది, డార్విన్ మీద బాంబులు పడ్డాయి. మే 31 రాత్రి జపాన్ బుల్లి జలాంతర్గాములు సిడ్నీ హార్బర్‌లోకే చొరబడ్డాయి, 21 మంది నావికులు చనిపోయారు. ఆ ఏడాది కూడా లీగ్ పోటీ జరిగింది. గ్రాండ్ ఫైనల్లో కాంటర్‌బరీ 11-9తో సెయింట్ జార్జ్ మీద గెలిచింది. ప్రధాని జాన్ కర్టిన్ పొదుపు పేరుతో క్రీడల మీద ఆంక్షలు పెట్టాడు కానీ శనివారం ఆటని చంపలేదు. యువకుడిగా తనూ ఫుట్‌బాల్ ఆడినవాడే కదా. మరుసటి ఏడాది న్యూటౌన్, నార్త్ సిడ్నీ ఫైనల్‌కి 60 వేలకు పైగా జనం వచ్చారు. ఆ జనంలో ఎంతమంది ఇళ్ళలో కొడుకులు సైన్యంలో ఉండి ఉంటారో ఆలోచించండి. వాళ్ళ ముందు నిలబడి "మీకు ఆటలు కావాల్సొచ్చాయా" అనగలరా ఎవరైనా?

ఇప్పుడు ప్రతి ఏటా ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే ఆంజాక్ డే నాడు, సిడ్నీలో రూస్టర్స్, డ్రాగన్స్ అనే లీగ్ జట్ల మధ్య మ్యాచ్ ఉంటుంది. మ్యాచ్‌కి ముందు వీరులకు నివాళి కూడా ఉంటుంది. ఆ రోజు సరిగ్గా లార్కిన్ చనిపోయిన రోజు. సిడ్నీలో ఉన్న మన తెలుగు పిల్లల్లో కొందరు ఈ ఆట ఆడుతూనో, చూస్తూనో ఉండొచ్చు. ఈసారి ఏప్రిల్ 25న టీవీ ముందు కూర్చున్నప్పుడు వాళ్ళకు లార్కిన్ ఎవరో, ఆయన పోయిన ఏడాది బాల్‌మెయిన్ ఎందుకు ఆడిందో చెప్పండి.