సవరణ: నాజిల్ వేగం సూత్రం ఎక్కడ పనిచేస్తుంది?

నాజిల్‌లోంచి వచ్చే నీటి వేగానికి ముందు పోస్టులో ఇచ్చిన సూత్రం ఇది: నాజిల్‌కు ముందూ బయటా ఉన్న పీడనాల తేడాను రెండుతో గుణించి, సాంద్రతతో భాగించి, వర్గమూలం తీయాలి. 2 బార్ తేడాకు సెకనుకు 20 మీటర్లు వస్తుంది. పైపులో నీరు దాదాపు కదలకుండా ఉన్నప్పుడే ఈ లెక్క సరిపోతుంది. ఆ షరతు అక్కడ రాయలేదు, కాబట్టి ఈ సవరణ.

నాజిల్ వ్యాసం పైపు వ్యాసంలో సగమైతే పెద్ద తేడా రాదు, 20.7 వస్తుంది. కానీ 20 మిల్లీమీటర్ల పైపుకు 14 మిల్లీమీటర్ల నాజిల్ పెడితే వైశాల్యాల నిష్పత్తి 0.49. దాని వర్గాన్ని 1లోంచి తీసేస్తే 0.76. పాత జవాబును దీని వర్గమూలంతో భాగిస్తే దాదాపు 23. పీడనం మాత్రం నాజిల్‌కు సరిగ్గా ముందు కొలిచిందై ఉండాలి. పంపు దగ్గరి గేజ్ రీడింగ్ వాడితే పైపులో పోయే నష్టం లెక్కలోకి రాదు.

చాలామంది వేగాన్ని కూడా 0.6తో గుణించేస్తున్నారు. అది పదునైన అంచున్న రంధ్రంలో ప్రవాహ పరిమాణానికి వాడే గుణకం. అందులో ఎక్కువ భాగం ధార సన్నబడటం వల్ల వచ్చేదే, వేగం తగ్గేది రెండు మూడు శాతమే.

గాలికి ఈ సూత్రం తక్కువ పీడన తేడాల్లోనే వాడండి. బయటి పీడనం లోపలి దానిలో సుమారు 0.53 వంతుకు పడిపోయాక, చివరికి సన్నబడుతూ పోయే మామూలు (కుంచిత) నాజిల్‌లో వేగం ధ్వని వేగం దగ్గరే ఆగిపోతుంది.